సూదిలో దారం, నలభై సెకన్లు

కన్నకూతురి మీద ఎవరైనా కుళ్ళుకుంటారా? తోడికోడలి మీద కుళ్ళుకోవచ్చు, పక్కవాటాలో ఆవిడ మీద కుళ్ళుకోవచ్చు, దానికి లోకంలో ఎవరూ పెద్దగా తప్పు పట్టరు. కూతురి మీద కుళ్ళుకుంటే మాత్రం చెప్పుకోవడానికి ఒక్క మనిషి కూడా దొరకడు. కత్తెరమ్మ రెండు నెలలపాటు తన పదహారేళ్ళ కూతురి మీద కుళ్ళుకుంది. భోజనం వడ్డిస్తూ కుళ్ళుకుంది, తల దువ్వుతూ కుళ్ళుకుంది, జ్వరమొస్తే నుదుటి మీద తడిగుడ్డ వేస్తూ కూడా కుళ్ళుకుంది. పైకి మాత్రం నవ్వు మొహం పెట్టుకుని తిరిగింది.

కత్తెరమ్మ అన్నది స్టూడియో వాళ్ళు పెట్టిన పేరు. పెళ్ళిళ్ళు, పుట్టినరోజులు, రిటైర్మెంట్ సభలు వీడియో తీసే స్టూడియో అది. వేరేవాళ్ళు తీసుకొచ్చిన గంటల కొద్దీ వీడియోని కత్తిరించి, అతికించి, మనుషులు చూడగలిగేలా చేయడం ఆమె పని. కిటికీ లేని గది, రెండు తెరలు, ఒక చక్రాల కుర్చీ. ఆ కుర్చీకి ఒక చక్రం ఎప్పుడూ ఊడి వస్తుంటుంది. ఇరవై రెండేళ్ళుగా ఆమె ఆ గదిలోనే ఉంది.

ఓనరుకి కొన్ని సూత్రాలున్నాయి. వీడియోలో ఎవరూ ఆవలించకూడదు. ఎవరూ తూలకూడదు, తడబడకూడదు. ఖాళీ కుర్చీ కనిపించకూడదు. బంధువులన్నవాళ్ళు తలా రెండుసార్లైనా కనిపించాలి, లేకపోతే అలకలు. కన్నీళ్ళు ఉంటే అవి ఆనందబాష్పాలే అయ్యుండాలి. అన్నిటికీ అడుగున వయొలిన్లు మోగాలి. చివర్లో ముక్కలన్నిటినీ ఒకే వీడియోగా కలిపి బయటికి తీయడాన్ని వాళ్ళు రెండర్ అంటారు. ఆ బటన్ నొక్కగానే కుడివైపు కింద మూల రెండు ఎర్ర లవ్ గుర్తులు, వాటి కింద స్టూడియో ఫోన్ నంబరు వాటంతటవే వచ్చి కూర్చుంటాయి. అరవై ఏళ్ళ గుమాస్తాగారి రిటైర్మెంట్ సభైనా సరే, లవ్ గుర్తులు పడాల్సిందే.

ఈ పని ఆమెకు ఎవరూ నేర్పలేదు. పందొమ్మిదేళ్ళప్పుడు చేరింది. మూడేళ్ళు ఓనరు వెనకాల స్టూలు మీద కూర్చుంది. ఓనరు కుడిచేత్తో మౌస్ తిప్పేవాడు, ఎడంచేత్తో కీబోర్డు నొక్కేవాడు. ఆ ఎడంచేతి మీద మాత్రం ఎప్పుడూ తుండుగుడ్డ కప్పుకునేవాడు. ఏ కీ నొక్కితే ఏమవుతుందో వెనకున్నవాళ్ళకి తెలిసిపోతే రేపు పొద్దున్న ఎదురుగా ఇంకో స్టూడియో పెట్టుకుంటారని ఆయన భయం. ఆవిడ కళ్ళతో కాదు, చెవులతో నేర్చుకుంది. పొడుగు కీ చప్పుడు మెత్తగా ఉంటుంది, మూల కీ చప్పుడు టక్కుమంటుంది. రెండు మెత్తనివి, ఒక టక్కు అంటే కట్. ఆయన టీకి వెళ్ళినప్పుడు కూర్చుని అదే చప్పుడు వచ్చేదాకా ఒక్కొక్క కీ నొక్కి చూసుకునేది. ఇంత కష్టపడి నేర్చుకుంటే ఇన్నేళ్ళలో ఆయన మెచ్చుకోలు ఎలా ఉండేదంటే, "పార్టీ వాళ్ళు ఏమీ అనలేదు" అని. వీడియో చేయించుకున్నవాళ్ళు ఏమీ అనలేదంటే బాగుందన్నమాట. అంతకు మించి ఒక్క ముక్క ఎక్కువ వినలేదు.

ఇక కూతురి సంగతి. మాటలు వచ్చిన నాటి నుంచీ ప్రతిదానికీ ఎందుకు ఎందుకు అని ప్రాణం తోడేసేది కాబట్టి ఇంట్లో దాని పేరు ఎందుకమ్మ అయింది. లైబ్రరీ మేడమీద శనివారాలు పిల్లలకి మీడియా క్లాసు పెట్టారని ఎక్కడో కాగితం చూసి, తనంతట తనే వెళ్ళి పేరు రాయించుకుంది. పది వారాలు. బొమ్మలు తీయడం, కథ చెప్పడం, వీడియో కట్ చేయడం, ఇంకా ముఖ్యంగా వేరేవాళ్ళు తీసింది చూసి అందులో ఏం దాచారో కనిపెట్టడం. నలభై రెండు మంది పిల్లలు. చివర్లో ఒక్కొక్కరూ ఆరు నిమిషాల సినిమా ఒకటి చేసి పెట్టాలి. వాటిలోంచి పది మందిని ఏరి రెండేళ్ళ కోర్సులో చేర్చుకుంటారు. పదిహేడు వచ్చినవాళ్ళని చేర్చుకోరు. ఎందుకమ్మకి ఇంకో నాలుగు నెలల్లో పదిహేడు. అంటే ఈసారి తప్పితే మరిక లేదు.

"కోర్సులో సీటొస్తే నేనింకేమీ అడగను నాన్నా," అని తండ్రితో అంది. ఆయన ప్రెస్సులో కాగితాలు కోసే మెషీన్ దగ్గర పనిచేస్తాడు. "నువ్వు అడగడం మానేస్తావా? అయితే సీటు రావాల్సిందే," అన్నాడు. అందరూ నవ్వారు. కత్తెరమ్మ కూడా నవ్వింది.

మొదటి రెండు వారాలు బాగానే ఉంది. మూడో వారం నుంచీ ఇంట్లో ఒక కొత్త జపం మొదలైంది. మా టీచర్ అంది, మా టీచర్ అంది. టీవీలో పాలపొడి ప్రకటన వస్తే చాలు, పిల్ల లేచి తెర పక్కన నిలబడేది. "చూడు నాన్నా, ఇందులో అమ్మ ఒక్కసారి కూడా కూర్చోదు. నాన్న ఒక్కసారి కూడా నిలబడడు. ఇది ఎవరు రాసుంటారు?" వార్తల్లో ఎవరో నాయకుడు మాట్లాడుతుంటే, "కెమెరా కింద నుంచి పెట్టారు, అందుకే ఆయన అంత ఎత్తుగా ఉన్నాడు. జనం పల్చగా ఉన్నారు కాబట్టి దగ్గరగా తీశారు," అనేది. తండ్రి ముచ్చటపడిపోయేవాడు. ఆ జనాన్ని అలా దగ్గరగా తీయడం కత్తెరమ్మకి పాతికేళ్ళ పిల్లగా ఉన్నప్పటి నుంచీ తెలుసు. మండపంలో వందమంది ఉంటే వెయ్యిమందిలా చూపించడం ఆమె రోజూ చేసే పనే. కానీ తెలిసిందాన్ని పైకి చెప్పొచ్చని, చెబితే ఎదుటివాళ్ళు నోరు తెరుచుకుని వింటారని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

నాలుగో శనివారం కూతురు గొడుగు మర్చిపోతే ఇవ్వడానికి లైబ్రరీకి వెళ్ళింది. మేడమీద పెద్ద గది. పిల్లలంతా నేలమీద కూర్చున్నారు, వాళ్ళతో పాటే టీచర్ కూడా. ముప్పై దాటని మనిషి, పొట్టి జుట్టు, చేతుల మీద పెన్ను మరకలు. కంప్యూటర్ తెరని గోడ మీద పెద్దదిగా వేశారు. టీచర్ ఎడంచెయ్యి కీబోర్డు మీద ఉంది. "అందరికీ నా వేళ్ళు కనిపిస్తున్నాయా? వెనకాల వాళ్ళు ముందుకి రండి. ఇదిగో, ఇది నొక్కితే కట్. మళ్ళీ చూపించనా?" అంది.

కత్తెరమ్మ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. మూడేళ్ళు చెవులు రిక్కించుకుని తను ఏరుకున్నదాన్ని ఆ మనిషి మూడు నిమిషాల్లో నలభై మందికి పంచిపెట్టేసింది. పైగా మళ్ళీ చూపించనా అని అడిగింది.  తన పిల్ల నేర్చుకుంటోందని సంతోషపడాల్సిన తల్లి, ఆ గుమ్మంలో నిలబడి, నాకెందుకు ఇవ్వలేదు ఇది, నేనేం పాపం చేశాను అనుకుంది. గొడుగు గుమ్మం దగ్గర ఆనించి ఎవరికీ కనిపించకుండా మెట్లు దిగిపోయింది. దారి పొడుగునా కళ్ళు తుడుచుకుంటూనే ఉంది.

ఆ తర్వాత వారం ఎందుకమ్మ ఇంట్లో పాత లాప్‌టాప్ ముందేసుకుని కూర్చుని, "అమ్మా, వెనకాల ఫ్యాన్ మోత వస్తోంది. దాన్ని తగ్గించాలంటే ఎలా?" అని అడిగింది.

కత్తెరమ్మకి అది కళ్ళకి గంతలు కట్టినా వచ్చు. "మీ టీచర్ ఉందిగా, అడుగు," అంది.

"టీచర్‌కి శబ్దం సంగతి అంతగా రాదమ్మా. నీకైతే బాగా వచ్చని నేనే చెప్పాను."

"నాకేం వస్తుంది, పెళ్ళి వీడియోలు చేసుకునేదాన్ని," అని వంటగదిలోకి వెళ్ళిపోయింది. గిన్నెలు కడుగుతూ తను చేసిందేంటో తనకే తెలిసింది. ఓనరుకి తుండుగుడ్డ కావాల్సొచ్చింది, ఈవిడకి అది కూడా అక్కర్లేకపోయింది. సిగ్గేసింది. సిగ్గేసినంత మాత్రాన వెనక్కి వెళ్ళి చెప్పిందా అంటే, చెప్పలేదు.

ఎందుకమ్మ తన సినిమాకి మెషీన్ మామ్మని ఎంచుకుంది. వాళ్ళుండే భవనం కింద చిన్న కొట్టులో పాత బట్టలు బాగుచేసే ఆవిడ. జిప్పులు మారుస్తుంది, ప్యాంట్లు పొట్టి చేస్తుంది. డెబ్బై దాటాయి. నోట్లోంచి మాట రాలాలంటే గగనం. మూడు ఆదివారాలు పిల్ల కెమెరా లేకుండానే వెళ్ళి ఆ కొట్టులో కూర్చుంది. "ముందు ఊరికే చూడమంది మా టీచర్. ఎదుటి మనిషికి మనం అలవాటయ్యేదాకా కెమెరా తీయొద్దంది." నాలుగో ఆదివారం కెమెరా తీసింది.

సినిమా మంగళవారానికి తయారైంది. శుక్రవారం సాయంత్రం ఐదింటిలోగా లైబ్రరీలో పెన్ డ్రైవ్ ఇవ్వాలి. ఇంటి లాప్‌టాప్‌లో రెండర్ పెడితే సగంలో ఆగిపోతోంది. లైబ్రరీలో ఉన్న ఒక్క మంచి కంప్యూటర్ దగ్గర పిల్లలు బారులు తీరారు. శుక్రవారం పొద్దున్న ఎందుకమ్మ పెన్ డ్రైవ్ తెచ్చి తల్లి చేతిలో పెట్టింది.

"మీ స్టూడియోలో రెండర్ చేసి, వచ్చేటప్పుడు లైబ్రరీలో ఇచ్చెయ్యమ్మా. నాకు ఇవాళ పరీక్ష ఉంది, ఐదింటికి రాలేను."

"సరే."

"నువ్వు చేస్తే నాకు భయం లేదు." రెండు మెట్లు దిగి మళ్ళీ వెనక్కి వచ్చింది. "అమ్మా, ఒక్కసారి చూడు. చూసి ఎలా ఉందో చెప్పు. ఊరికే బాగుందని కాదు, నిజం చెప్పు."

మధ్యాహ్నం ఓనరు భోజనానికి వెళ్ళాక కత్తెరమ్మ గది తలుపు వేసుకుని, టీ పక్కన పెట్టుకుని సినిమా పెట్టింది. తప్పులు వెతకడానికే కూర్చుంది. దొరికాయి కూడా. మొదటి బొమ్మ కాస్త వంకరగా ఉంది, రెండో నిమిషంలో ఫ్యాన్ మోత అలాగే ఉంది. నేను చెప్పుంటే పోయేది అనుకుని లోలోపల కాస్త సంబరపడింది. అలా కుర్చీలో వెనక్కి వాలి, పెదవి విరుచుకుంటూ చూస్తోంది.

నాలుగో నిమిషంలో మామ్మ సూదిలోకి దారం ఎక్కించడం మొదలుపెట్టింది. కెమెరా కదల్లేదు. మామ్మ చేతులు, సూది, కిటికీలోంచి పడే వెలుతురు, అంతే. మొదటిసారి దారం వంగిపోయింది. మామ్మ దాన్ని పెదాలతో తడిపింది. రెండోసారి సూది పక్క నుంచి పోయింది. బయట ఎవరిదో స్కూటర్ స్టార్టవుతోంది. మూడోసారి దారం సరిగ్గా రంధ్రం దాకా వెళ్ళింది, వెళ్ళి జారింది. మామ్మ విసుక్కోలేదు. చెయ్యి కాసేపు ఒళ్ళో పెట్టుకుంది. కట్ ఇక్కడ పడుతుంది అనుకుంది కత్తెరమ్మ. పడలేదు. మళ్ళీ చెయ్యి లేచింది. నాలుగోసారి దారం ఎక్కింది. అప్పుడుగానీ బొమ్మ మారలేదు. మొత్తం నలభై సెకన్లు.

కత్తెరమ్మ ఎప్పుడు ముందుకి వంగిందో ఆమెకే తెలీదు, ముక్కు దాదాపు తెరకి తగులుతోంది. టీ మీద మీగడ కట్టేసింది. వెనక్కి తిప్పి మళ్ళీ చూసింది. మళ్ళీ. నాలుగుసార్లు చూసింది.

అప్పుడు వచ్చింది అసలు మంట. ఇరవై రెండేళ్ళలో ఎన్ని వందల మంది మనుషులు ఆ తెర మీద నుంచి వెళ్ళారు! ఎంతమంది వేళ్ళు వణికి ఉంటాయి, ఎంతమంది ఉంగరం తొడగలేక తడబడి ఉంటారు. అవన్నీ ఆవిడే కోసి చెత్తబుట్టలో వేసింది. ఒక్క మనిషిని కూడా నలభై సెకన్లు ఊరికే చూడలేదు, చూడొచ్చని తోచలేదు. తన కడుపున పుట్టిన పిల్లకి పది వారాల్లో తోచింది. పాలు పట్టి, అక్షరాలు దిద్దించి పెంచిన పిల్ల, తనని దాటి వెళ్ళిపోయింది. దాటి వెళ్తూ వెనక్కి తిరిగి, ఎలా ఉందో నిజం చెప్పమని అడిగింది. చెప్పాలా! ఏం చెప్పాలి? నాకు చేతకానిది నీకు చేతనైందని చెప్పాలా?

ముందు నిడివి తగ్గించి కొంచెం బిగిద్దాం అనుకుంది. పిల్లకి సాయం చేస్తున్నట్టే ఉంటుంది. మొదటి ప్రయత్నం తీసేసింది. తర్వాత రెండోది. చెయ్యి అలవాటుగా పోతోంది, రెండు మెత్తనివి, ఒక టక్కు. మూడోదాని దగ్గర చెయ్యి ఆగింది. ఆ జారిన దారంలో, ఒళ్ళో పడిన ఆ చేతిలో సినిమా ప్రాణమంతా ఉందని ఆమెకు స్పష్టంగా తెలుసు. డాక్టర్‌కి నాడి తెలిసినట్టు తెలుసు. తెలిసే అక్కడ కత్తెర వేసింది. ఇప్పుడు మామ్మ దారం తీసింది, మొదటిసారికే ఎక్కించేసింది. అతుకు ఎక్కడ ఉందో దేవుడికి కూడా కనిపించదు, ఆ పనిలో కత్తెరమ్మ తర్వాతే ఎవరైనా. ఏర్పడిన వెలితిని పూడ్చడానికి కొట్టుని చూపించే బొమ్మలు రెండు కాస్త సాగదీసి, అడుగున పల్చగా వయొలిన్లు వేసింది.

అంతలో ఓనరు తలుపు కొట్టాడు. పార్టీ వాళ్ళు వచ్చి కూర్చున్నారట. కత్తెరమ్మ గబగబా రోజూ నొక్కే రెండర్ బటనే నొక్కి బయటికి పరిగెత్తింది. నాలుగున్నరకి తిరిగొచ్చి, వచ్చిన ఫైలు పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించుకుని, తెరిచి కూడా చూడకుండా లైబ్రరీకి వెళ్ళి ఇచ్చింది.

ఇంటికొచ్చాక ఎందుకమ్మ ఎదురొచ్చింది. "చూశావా?"

"చూశాను."

"ఎలా ఉంది?"

"బాగానే ఉంది," అని కూరగాయల సంచి విప్పడం మొదలుపెట్టింది. పిల్ల ఇంకాసేపు అక్కడే నిలబడి, ఇంకేమీ రాదని తెలుసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నుంచీ ప్రదర్శన. కింది హాల్లో కుర్చీలు వేశారు. ముందు వరసలో పిల్లలు, వెనకాల తల్లిదండ్రులు. ఎందుకమ్మ తండ్రికి ప్రెస్సులో సెలవు దొరకలేదు, కత్తెరమ్మ ఒక్కతే వచ్చింది. ఒక బల్ల దగ్గర టీచర్, ఇంకా ఆ కోర్సు నడిపే ఇద్దరు పెద్దమనుషులు కూర్చున్నారు. ప్రతి సినిమా అయ్యాక టీచర్ ఒక ప్రశ్న అడుగుతుంది, పిల్లలు లేచి చెప్పాలి. అందరినీ ఒకటే అడగడం, ఇలా ఎందుకు చేశావని. ఒక పిల్ల తన సినిమాలో తండ్రి మొహం ఒక్కసారి కూడా చూపించలేదు. ఎందుకని అడిగితే, "ఆయన పొద్దున్న నేను లేవకముందే వెళ్తారు. నాకు కనిపించేది వీపే," అంది. హాలంతా చప్పట్లు. వెనక వరసలో కత్తెరమ్మ పళ్ళు బిగించుకుని కూర్చుంది. ఇంతమంది పిల్లలు, ఒక్కొక్కరూ తామేం చేశారో ఎందుకు చేశారో తడుముకోకుండా చెబుతున్నారు. తనని ఎవరూ ఏనాడూ ఒక్క ఎందుకు కూడా అడగలేదు.

ఎందుకమ్మ సినిమా మొదలైంది. మామ్మ కొట్టు, కుట్టుమెషీన్ చప్పుడు, కుడివైపు కింద మూల రెండు ఎర్ర లవ్ గుర్తులు, స్టూడియో ఫోన్ నంబరు.

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత పదిమంది.  ఇరవై రెండేళ్ళుగా అవి కళ్ళ ముందే ఉండి ఉండి కత్తెరమ్మకి కనిపించడం మానేశాయి. ముందు వరసలో కూతురి వీపు నిటారుగా అయింది. నాలుగో నిమిషంలో వయొలిన్లు వచ్చాయి. మామ్మ దారం తీసి ఒక్కసారికే సూదిలోకి ఎక్కించేసింది. ఎందుకమ్మ ఒక్కసారి, ఒకే ఒక్కసారి వెనక్కి తిరిగి తల్లి వంక చూసింది. కోపంగా కాదు. లెక్క తప్పినప్పుడు ఎక్కడ తప్పిందా అని వెతుక్కున్నట్టు చూసింది.

దీపాలు వెలిగాయి. టీచర్ ఆ లవ్ గుర్తుల సంగతి ఎత్తలేదు. "ముందు నాకు చూపించినప్పుడు మామ్మ నాలుగుసార్లకి దారం ఎక్కించింది. ఇప్పుడు ఒక్కసారికే ఎక్కించింది. ఎందుకు మార్చావు?" అని అడిగింది. కోర్సు పెద్దమనిషి ఒకాయన, "ఇది నువ్వు కట్ చేసిందేనా అమ్మా?" అని కలిపాడు.

ఎందుకమ్మ లేచి నిలబడింది. చేతులు వెనక్కి పెట్టుకుంది.

"నేను చేసిందే సార్," అంది. "అది... మరీ ఎక్కువసేపు ఉందనిపించింది. చూసేవాళ్ళకి బోరు కొడుతుందని తీసేశాను."

కత్తెరమ్మకి ఆ మాట చెంప మీద పడ్డట్టయింది. పిల్ల తనని కాపాడుతోంది. ఇప్పుడు నోరు మూసుకుని కూర్చుంటే చాలు, ఎవరికీ ఎప్పటికీ తెలీదు. ఓనరు మాటలా, పార్టీ వాళ్ళు ఏమీ అనలేదు అన్నట్టే గడిచిపోతుంది. కానీ ఆ నలభై సెకన్లు తెచ్చిన పిల్ల నోటితోనే దాన్ని బోరు అని తనే అనిపించింది. కడుపులో మంటకి కూడా ఒక హద్దుంటుంది కాబోలు, ఆవిడ లేచి నిలబడింది. కుర్చీ కిర్రుమంది.

"అది మా అమ్మాయి చేసింది కాదు," అంది.  "నేను చేశాను. నేను స్టూడియోలో కట్టింగు చేస్తాను. నిన్న రెండర్ చేయమని ఇస్తే నేనే తీసేశాను."

"సాయం చేద్దామని చేసుంటారు," అన్నాడు పెద్దమనిషి మర్యాదగా.

"కాదండీ. బోరు కొట్టిందనీ కాదు." టీచర్ వైపు తిరిగింది. "బాగుందని తీసేశాను."

 టీచర్ ఆవిడ కళ్ళలోకే చూస్తూ, పిల్లల్ని అడిగినట్టే మామూలుగా అడిగింది. "బాగుందని మీకు ఎలా తెలిసిందమ్మా?"

ఇరవై రెండేళ్ళ తర్వాత పని గురించి ఆవిడని బయటి మనిషి అడిగిన మొదటి ప్రశ్న అది. ఇలాంటి చోట, ఇలాంటప్పుడు వచ్చింది. కత్తెరమ్మ ముందు కుర్చీ వీపు పట్టుకుంది. "నాలుగుసార్లు చూశాను. దారం ఎక్కుతుందని తెలుసు కదా, అయినా నాలుగోసారి చూసినప్పుడు కూడా ఎక్కదేమోనని భయపడ్డాను. నాకలాంటిది ఎప్పుడూ చేతకాలేదు. ఓర్చుకోలేకపోయాను."

బల్ల దగ్గర చాలాసేపు గుసగుసలు నడిచాయి. టీచర్ ఏదో గట్టిగా వాదిస్తోంది, చేతులు తిప్పుతోంది. కానీ నియమం ముందే కాగితం మీద ఉంది. గడువులోగా ఇచ్చిన కాపీనే చూడాలి, అందులో బయటివాళ్ళ చెయ్యి ఉంటే లెక్కలోకి తీసుకోకూడదు. ఒకరికి సడలిస్తే మిగతా నలభై ఒక్కమందికీ ఏం చెబుతారు? సాయంత్రం గోడకి పది పేర్ల కాగితం అంటించారు. ఎందుకమ్మ పేరు లేదు. పిల్ల పై నుంచి కిందికి, కింది నుంచి పైకి రెండుసార్లు చదివి, సంచి భుజాన వేసుకుని బయటికి నడిచింది.

బస్సులో సగం సీట్లు ఖాళీగా ఉన్నాయి. ఎందుకమ్మ కిటికీ పక్కన కూర్చుని పక్క సీటులో తన సంచి పెట్టింది. కత్తెరమ్మ వేరే చోట కూర్చోలేదు, ఆ సీటు పక్కనే రాడ్ పట్టుకుని నిలబడింది. తిడితే బాగుండును అనుకుంది. క్షమించమని అడగడానికి కూడా నోరు రాలేదు, ఆ మాట అంత చిన్నదిగా తోచింది. అన్నిటికంటే సిగ్గుచేటు ఏంటంటే ఆ కుళ్ళు ఇంకా పోలేదు. పిల్ల అందరి ముందు తడబడకుండా అబద్ధమాడి తల్లిని కాపాడిన తీరు మీద కూడా ఆవిడకి కాస్త కుళ్ళుగానే ఉంది.

రెండు స్టాపులు దాటాయి.

"నిజంగానే నాలుగుసార్లు చూశావా?" కిటికీలోంచి చూపు తిప్పకుండానే అడిగింది ఎందుకమ్మ.

"చూశాను."

"టీచర్ దాన్ని సగానికి తగ్గించమంది. రెండుసార్లు చెప్పింది. క్లాసులో చూపిస్తే అందరూ ఫోన్లు తీసి చూసుకున్నారు. మామ్మ కూడా, నా చేతులేం చూస్తావే అంది." పిల్ల గొంతు అక్కడ కాస్త తడబడింది. "మా అమ్మ చూడనీ, తనూ బాగోలేదంటే అప్పుడు తీసేస్తానన్నాను. అది బాగుందని తెలిసింది నీకొక్కదానికే అమ్మా."

బస్సు మలుపు తిరిగింది. కత్తెరమ్మ రాడ్ గట్టిగా పట్టుకుంది.  ఎందుకమ్మ మొహం తుడుచుకుని మళ్ళీ కిటికీ వైపు తిరిగిపోయింది. ఇంటి స్టాపు వచ్చేదాకా ఆ సంచి సీటులోంచి తీయలేదు.